అద్దం లేని చుట్టు

"బిడ్డకు వేయడానికి బట్టలేమైనా తెచ్చుకున్నారా?"

ఈ మాట అడిగింది మంత్రసాని. ఇక్కడ మిడ్‌వైఫ్ అంటారు. ఆమె ఇంగ్లీషులో మెల్లగా అడిగితే అల్లుడు నాకు తెలుగులో చెప్పాడు. చెబుతున్నప్పుడు నా ముఖం చూడలేదు. గోడకు బిగించిన చేతులు కడుక్కునే మందు డబ్బావైపు చూస్తున్నాడు.

మేమేమీ తేలేదు.

నేను ఇంగ్లండులోని ఈ నాటింగ్‌హామ్ వచ్చింది కూతురి కాన్పు కోసం. నా బిడ్డ ఇక్కడ నర్సు. ముసలివాళ్ళ వార్డులో పని చేస్తుంది. తనకు ఐదో నెల నడుస్తుండగా, ఆరు నెలల వీసా మీద వచ్చాను. ఎనిమిదో నెల దాటాక ఒక పొద్దున లేచి, "అమ్మా, కడుపుల కదుల్తలేదు" అంది. ఆ మాట అంటున్నప్పుడే సంగతేమిటో తనకు తెలుసని నాకు అర్థమైంది. నర్సు కదా. స్కానింగ్ తీసి గుండె ఆగిపోయిందన్నారు. అయినా కనక తప్పదు. అన్నీ తెలిసి, అన్ని నొప్పులూ పడి కన్నది.

మాది నల్గొండ వైపు లంబాడీ తండా. మా దగ్గర పుట్టని బిడ్డకు సూది పట్టరు. బిడ్డ భూమ్మీద పడి, ఏడ్చి, తల్లి రొమ్ము అందుకున్నాకే ఇంట్లో పెద్దామె తన పాత ఫేటియా చింపి అందులో చుడుతుంది. ఫేటియా అంటే మా ఆడవాళ్ళు కట్టే కుచ్చుల పావడా. ఉతికి ఉతికి మెత్తబడిన బట్ట పసి ఒంటికి హాయిగా ఉంటుంది. కొత్తది కుట్టడం ఆ తరువాతే. "కడుపులో ఉన్నదానికి కుడితే, బట్ట ముందొచ్చి కూర్చుంటది, బిడ్డ రాదు" అనేది మా యాడి. యాడి అంటే మా భాషలో అమ్మ.

నా కూతురు చిన్నప్పటి నుంచి హాస్టల్లో ఉండి చదివింది. మా భాష అక్కడే పోయింది. నన్ను యాడీ అని పిలవడం మాని అమ్మా అనడం నేర్చుకున్నదీ అక్కడే. కానీ ఈ ఒక్క పద్ధతిని మాత్రం ఎందుకో వదల్లేదు. తనతో పని చేసేవాళ్ళు నెలల ముందే పిల్లల మంచం, టోపీలు, బొమ్మలు కొని గది సర్దిపెట్టుకుంటారట. తను మాత్రం షాపులో వేలాడే చిన్న గౌన్లను వేలితో ఒకసారి తాకి, "తర్వాత కొందాంలే అమ్మా" అని నడిచేది. నేను కూడా సూట్‌కేసు నిండా పప్పులూ పచ్చళ్ళూ తెచ్చాను గానీ పసిబట్ట ఒక్కటీ తేలేదు. ఇది తప్పని నేను ఇప్పటికీ అనుకోను. మా పద్ధతి అది. కాకపోతే ఆ పొద్దున ఆసుపత్రిలో, ఉత్త చేతులతో నిలబడ్డాం.

మంత్రసాని వెళ్ళి ఒక బుట్ట తెచ్చింది. అందులో తెల్లటి గౌన్లు. కొన్ని అరచేతిలో పట్టేంతే ఉన్నాయి. ఇలాంటి పిల్లల కోసమే ఎవరో ఆడవాళ్ళు కుట్టి ఇస్తారట. నచ్చింది తీసుకోండి అంది. నచ్చడం ఏమిటి? అయినా ఒకటి తీశాను. మెడ దగ్గర చిన్న లేసు ఉంది.

నా కూతురు గోడవైపు తిరిగి పడుకుంది. నొప్పుల్లో ఒకే ఒక్కసారి "యాడీ" అని అరిచింది. బిడ్డను చూస్తావా అని మంత్రసాని ఆగి ఆగి అడిగింది. "వద్దు. నాకు చూపించకండి" అంది, తెలుగులోనే. ఆమెకు భాష తెలియకపోయినా మాట అర్థమైంది. అల్లుడు ఒక్క చూపు చూసి కారిడార్‌లోకి వెళ్ళిపోయాడు.

గౌను తొడిగింది నేను. మంత్రసాని తల కింద చెయ్యి పెట్టి పట్టుకుంది, నేను ఒక్కో చెయ్యీ దూర్చాను. ఆడపిల్ల. ఇంకా వెచ్చగానే ఉంది. కన్నతల్లి ఒంటి వెచ్చదనం అది. తొందరపెట్టేవాళ్ళు ఎవరూ లేరు. నేను నిదానంగా, నెత్తి నుంచి మడమ దాకా చూశాను. మా వాళ్ళలో ఆ బిడ్డను నిండా చూసినదాన్ని నేనొక్కదాన్నే.

ఆ రోజు నుంచి నేను ఒక్క మాట కోసం కాచుకుని కూర్చున్నాను. నా కూతురు ఎప్పుడో ఒకప్పుడు "ఎట్లుండె అమ్మా?" అని అడుగుతుందని. అడగనిదే నేను చెప్పలేను. వద్దన్నది తనే. చూసి ఉంటే ఏమయ్యేదో తనకు తెలుసు, నాకు తెలియదు. కానీ అడిగే రోజు వస్తే చెప్పడానికి నేను దగ్గర ఉండాలి. వీసా అయిపోతే ఆ ముఖం నాతోపాటే విమానం ఎక్కుతుంది. ఫోన్‌లో చెప్పే సంగతా ఇది?

ఇక్కడి శ్మశానంలో పసిపిల్లలకు వేరే చోటు ఉంది. పాతిపెట్టే రోజు నేనూ అల్లుడూ వెళ్ళాం. కూతురు రాలేదు. ఆసుపత్రివాళ్ళు ఒక అట్టపెట్టె ఇచ్చారు. పాదాల అచ్చులు, ఆ పాదాలదే ఒక ఫోటో ఉన్నాయి అందులో. అల్లుడు దాన్ని అల్మారా మీద పెట్టాడు. ఎవరూ దించలేదు. కూతురు సెలవు పూర్తి కాకుండానే డ్యూటీకి పోతానంది. "ఇంట్ల కూసోని ఏం చెయ్యాలె?" అంది. రోటాలో, అంటే డ్యూటీల పట్టికలో, తన పేరు మళ్ళీ పడింది. వచ్చేది, స్నానం చేసేది, తినేది, పడుకునేది. కూర ఎలా ఉందని అడిగితే బాగుందనేది. ఉప్పు వేయడం మరిచిపోయిన రోజు కూడా బాగుందనే అంది.

నేను వచ్చిన కొత్తలో ఆ ఇల్లు ఇలా ఉండేది కాదు. సూది పట్టకూడదు, పని పెద్దగా లేదు, నా చేతులు ఊరికే ఉండేవి. "అయితే పెన్సిల్ పట్టు. సూదికే కదా అడ్డు" అని కూతురు నాకు అక్షరాలు మొదలుపెట్టింది. ఈ వయసులో నాకెందుకే అంటే, "పిల్లకు బొమ్మల పుస్తకం ఎవరు చదువుతరు? నేను డ్యూటీకి పోతే మీ అల్లుడు నిద్రపోతడు" అంది. వంటింటి టేబుల్ మీద, జీపీ సర్జరీ అనే డాక్టరు క్లినిక్ నుంచి వచ్చిన కాగితాల వెనక వైపు రాయించేది. నా 'ఋ' చూసి తేలు అని నవ్వేది. గుణింతాలు అయ్యాయి. ఒత్తుల దగ్గరికి వచ్చాం. అక్కడ ఆగిపోయింది. మిగిలిన ఒత్తులు నేను పచ్చడి సీసాల మీద చూసి ఒక్కదాన్నే నేర్చుకున్నాను. పచ్చడిలో చ కింద చ, ఉసిరి మురబ్బాలో బ కింద బ. ఇప్పుడు ఇది రాస్తున్నదీ ఆ అక్షరాలతోనే.

నన్ను ఆ ఇంట్లోంచి బయటికి లాగినది కూతురి వార్డులోనే పని చేసే గుంటూరు నర్సమ్మ. ఒక రోజు గోంగూర పట్టుకుని వచ్చి, నేను సోఫాలో కూర్చున్న తీరు చూసి, చెప్పులు విప్పకుండానే అంది: "ఇలా గోడలు చూస్తా కూర్చుంటే ఏమొస్తుందక్కా? మా చర్చి హాల్లో బుధవారం ఆడాళ్ళు కుట్లు కుడతారు. పదండి, నేను తీసుకెళ్తా."

"నాకు వాళ్ళ మాట రాదమ్మా."

"సూదికి మాటలెందుకండీ? మీరు క్రిస్టియన్ అవ్వక్కర్లేదు, టీ తాగితే చాలు."

హాల్లో పొడుగాటి బల్ల, చుట్టూ ఏడెనిమిది మంది పెద్దవయసు ఆడవాళ్ళు. అందరిలోకీ వయసులో పెద్దామె పొట్టిగా, తెల్లజుట్టుతో, కళ్ళజోడు మెడలో వేలాడేసుకుని ఉంది. నన్ను చూసి చెయ్యి పట్టుకుని ఏదో అంది. అందులో నాకు ఒక్క మాటే తెలిసింది. డక్.

"నన్ను బాతు అంటుందా?" అని నర్సమ్మను అడిగాను.

ఆమె పకపకా నవ్వింది. "ఈ ఊళ్ళో అందరూ బాతులే అక్కా. బస్సు డ్రైవరు నన్నూ అంటాడు. ప్రేమగా అంటార్లెండి."

"ప్రేమైతే కోడిపిల్ల అనొచ్చు కదా."

నర్సమ్మ దాన్ని ఇంగ్లీషులో చెప్పేసింది. బల్లంతా నవ్వింది. ఎన్నో వారాల తరువాత నా చుట్టూ నవ్వు విన్నాను. అంతలో బల్ల మీద ఉన్నది చూశాను. తెల్లటి చిన్న గౌన్లు. మెడ దగ్గర లేసు.

నర్సమ్మ ముందే చెప్పలేదు. చెబితే రానని ఆమెకు తెలుసు. నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, "వెళ్ళిపోదామంటే వెళ్ళిపోదాం అక్కా" అంది. నేను కూర్చున్నాను.

వాళ్ళు పాత పెళ్ళిగౌన్లు విప్పి ఆ గుడ్డతో కుడతారు. ఎవరెవరో తమ పెళ్ళిబట్టలు తెచ్చి ఇస్తారట. ఒకామె పొడుగాటి పట్టుగౌను కుట్లు విప్పుతుంటే, ఇంత దూరం వచ్చినా పెద్దవాళ్ళ పాతబట్ట చింపే కదా పసిదానికి వేస్తున్నారు అనుకున్నాను. నాకు అంచులు మడిచి కుట్టే పని ఇచ్చారు. రెండు బుధవారాలు అంచులే కుట్టాను. పెద్ద కష్టం లేదు. కానీ ప్రతి గౌనూ పూర్తయ్యాక దాన్ని చూస్తే, అది ఎవరిదైనా కావచ్చు అనిపించేది. నా మనవరాలు అలాగే, ఎవరి గుర్తూ లేని బట్టలో పోయింది.

మా యాడి బట్ట అలా ఉండేది కాదు. ఎర్రటి గుడ్డ మీద అద్దాలు, గవ్వలు, పసుపుపచ్చ దారం. ఎండలో నడిచి వస్తే ఆమె కంటే ముందు ఆమె వెలుగు మా గుడిసె గోడ మీద పడేది. అద్దం ఎందుకంటే, చెడ్డచూపు వచ్చి అందులో తన మొహం తనే చూసుకుని సిగ్గుపడి పోవాలట. నేను చిన్నదాన్నిగా ఉన్నప్పుడు కరువు వచ్చి మా వాళ్ళందరం హైదరాబాదులో ఇళ్ళు కట్టే పనికి పోయాం. ఆ బట్టతో ఇసుక తట్ట మోస్తుంటే మేస్త్రీలు, దారిన పోయేవాళ్ళు ఎగతాళిగా పాటలు పాడేవాళ్ళు. యాడి చీరకు మారింది. పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చేవాడు గల్లీలోకి వచ్చినప్పుడు ఫేటియా, రవికె, ముసుగు మూటగట్టి ఇచ్చేసింది. నా తల్లి బట్ట అలా ఒక స్టీలు బిందె అయింది. ఆ బిందెలో మేము చాలా ఏళ్ళు నీళ్ళు తాగాం. నాకు కుట్టు సగమే వచ్చు. మిగతా సగం నేర్పడానికి ఆమె చేతిలో గుడ్డ లేదు.

మూడో బుధవారం నేను నర్సమ్మతో చెప్పి అద్దాలు తెప్పించాను. పక్క ఊరు లెస్టర్‌లో మన బట్టల కొట్లో దొరికాయట. ఒక గౌను మెడ కింద పెట్టి చూపించాను. పెద్దామె అద్దాన్ని వేలి మీద పెట్టుకుని చాలాసేపు చూసింది. తరువాత తల అడ్డంగా ఊపి ఏదో చెప్పింది.

"గట్టి వస్తువులు వద్దంటున్నారక్కా" అని నర్సమ్మ చెప్పింది. "గుండీ కూడా పెట్టరంట. ఆ పిల్లల చర్మం తట్టుకోదంట."

నిజమే. నేను తొడిగినదాన్ని, నాకు తెలియాలి. అద్దాలు మళ్ళీ పొట్లం కట్టాను. అయినా అద్దం చుట్టూ గుండ్రంగా కుట్టే ఆ చుట్టుకుట్టు నన్ను వదల్లేదు. అద్దం లేకుండా దాన్ని కుట్టడం ఎలా? మామూలుగా అయితే గుడ్డ మీద అద్దం పెట్టి, ముందు అడ్డంగా నిలువుగా దారం లాగి కట్టేయాలి. ఆ దారాల్లోంచి సూది తిప్పుకుంటూ చుట్టూ అల్లుకు రావాలి. అద్దమే లేకపోతే దారం లోపలికి కుంగిపోయి ముద్ద అవుతుంది. ఇంట్లో రెండు మూడుసార్లు ముద్దే చేశాను. చివరికి తండాలో ఉన్న మా అక్కకు వీడియో కాల్ చేశాను. మా భాషలో అక్కను బాయి అంటాం.

"ఏందే, రాణిగారి దేశం పోయి సూది పట్టినవా?" అంది, ఎత్తుతూనే. "ఇక్కడున్నప్పుడు గుండీ ఊడితే నా దగ్గరికే తెస్తుంటివి!"

"బాయీ, ఫోన్ కిందికి దించు. నాకు పైకప్పు కనబడుతుంది."

"కొత్త స్లాబు. మంచిగ చూడు. నువ్వు పోయేటప్పుడు రేకులుండె కదా."

"చూసిన. బాగుంది. ఇప్పుడు నీ చేతులు చూపియ్యి."

సంగతి చెప్పాను. ఎవరి కోసం కుడుతున్నానో చెప్పాను. అక్క ముఖం ఫోన్‌కు దగ్గరగా వచ్చింది. ఒక కన్నూ సగం ముక్కూ మాత్రమే కనబడుతున్నాయి.

"కుట్టొచ్చా బాయీ? నాకు భయమైతుంది. మన పిల్లకు ఒక్క పోగు కుట్టలే. ఇప్పుడు బయటి పిల్లలకు కుట్టబడితి."

"ఆ పిల్లలు పుట్టిన్రా లేదా?"

"పుట్టిన్రు. ఊపిరి లేకుండ పుట్టిన్రు."

"మరింకేంది? పుట్టనోళ్ళకే కదా కుట్టొద్దన్నది. పుట్టినోళ్ళకు కుట్టాలె. నీ మనవరాలు కూడ పుట్టింది. పోయింది పోయింది అంటున్నరు గని, పుట్టకుండ ఎట్ల పోతది?"

నేను కొంగుతో కళ్ళు ఒత్తుకున్నాను. నిజంగానే అందరమూ పోయింది అనే అంటున్నాం. నేనూ, అల్లుడూ, ఊరి నుంచి ఫోన్ చేసినవాళ్ళూ. పుట్టింది అన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

"ఏడువకు. అద్దం లేకుంటే దారం దేన్ని పట్టుకోవాలె అని కదా నీ బాధ? కింది నుంచి చిటికెన వేలు పెట్టి గుడ్డను లేపు. వేలినే అద్దం అనుకొని చుట్టూ కుట్టు. అయినంక వేలు తియ్యి."

అలాగే కుట్టాను. వేలి కొస నిండా సూదిపోట్లు పడ్డాయి. రెండు రోజులు మిరపకాయ ముట్టుకోలేకపోయాను. కానీ చుట్టు నిలబడింది. గుండ్రంగా, చిటికెన వేలి కొసంత. మధ్యలో ఉత్త తెల్లగుడ్డ.

డ్యూటీ నుంచి వచ్చిన కూతురు సోఫా మీద ఆ గౌను చూసింది. బ్యాగు భుజానే ఉంది. కాసేపు చూసి, "అప్పుడేమో సూది పట్టొద్దంటివి" అంది. గొంతు పెంచలేదు. "ఇప్పుడు ఎవరి పిల్లలకో కుడుతున్నవు."

గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను కుట్టు ఆపలేదు. ఆపితే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. ఆ రోజు చుట్టు వంకర పోయింది.

ఆ గౌను పట్టుకుని బుధవారం హాలుకు వెళ్ళాను. పెద్దామె కళ్ళజోడు పెట్టుకుని చుట్టు మీద వేలు తిప్పింది. చుట్టూ తిప్పి, మధ్యలో ఆపి, ఏదో అడిగింది.

"ఇక్కడ ఏమొస్తుందని అడుగుతుందక్కా" అంది నర్సమ్మ.

"ఏమీ రాదని చెప్పు. అద్దం ఉండాల్సిన చోటు అని చెప్పు."

నర్సమ్మ చెప్పింది. పెద్దామె గౌనును బల్ల మీద పరిచి, చేత్తో సాపు చేసి, అలా చేస్తూనే మాట్లాడడం మొదలుపెట్టింది. నర్సమ్మ వెంటవెంటనే చెప్పలేకపోయింది. మధ్యలో ముక్కు చీదుకుంది. ఆమె చెప్పింది ఇది. తన పడుచుతనంలో ఆమెకూ ఒక బిడ్డ ఇలాగే పుట్టింది. ఆ రోజుల్లో తల్లికి చూపించేవాళ్ళు కాదు. గుడ్డలో చుట్టి తీసుకెళ్ళిపోయారు. ఇంటికి వెళ్ళి మరిచిపో, ఇంకొకరిని కను అన్నారు. కన్నది. ఆ పిల్లలకూ పిల్లలు పుట్టారు. కానీ చూడనిది చూడనిదే.

"ఎవరో ఒకరు చూసే ఉంటారు కదా అంటుందక్కా. ఆ రోజు డ్యూటీలో ఉన్న నర్సో, ఆయమ్మో. ఆ మనిషి ఎక్కడుందో తెలిస్తే వెళ్ళి ఒక్కటే అడిగేదాన్నంటుంది. ఎలా ఉందని. ఇప్పుడు ఆ మనిషి కూడా బతికి ఉండదంటుంది."

ఆమె ఏడవలేదు. కళ్ళజోడు తీసి మెడలోకి వదిలి, టీ పెట్టడానికి లేచింది. నేను మాత్రం అక్కడ కూర్చోలేకపోయాను. చూసిన మనిషిని నేను. నా వీసాలో మిగిలినవి కొన్ని వారాలే.

బస్సులో నర్సమ్మను అడిగాను, నేనే చెప్పేయనా అని. ఆమె కిటికీలోంచి చూస్తూ, "బలవంతంగా చెప్తే మీ బాధ దింపుకున్నట్టు అవుతుందక్కా, ఆ పిల్లకి అందదు" అంది. అది నిజమే అనిపించింది. నిజమైనంత మాత్రాన మనసు నెమ్మదించదు. ఆ వారమంతా నేను ఇల్లు ఊడుస్తూ, అన్నం వారుస్తూ, ఆ ముఖాన్ని మళ్ళీ మళ్ళీ తలుచుకున్నాను. చెవులు ఎలా ఉన్నాయి, పెదవి ఎలా ఉంది. ఒకటి కూడా జారిపోకూడదని. ఒక రోజు గడ్డం సరిగ్గా గుర్తుకు రాక, స్టవ్ కట్టేసి అక్కడే కూర్చుండిపోయాను. సూది పట్టి గౌనుకు మెడ తిప్పుతుంటే మళ్ళీ వచ్చింది. చేతులకు గుర్తుంది. అందుకే కుడుతూనే ఉన్నాను.

ఆదివారం తనకు సెలవు. అల్లుడు సామాన్లు తేవడానికి వెళ్ళాడు. నేను వంటింటి టేబుల్ మీద గౌను పరుచుకుని కూర్చున్నాను. హాల్లో అన్నిటికంటే చిన్న కొలత ఇచ్చారు ఈసారి. తను టీ పెట్టుకోవడానికి వచ్చి, కెటిల్ నొక్కి, నీళ్ళు మరిగేదాకా అటు తిరిగి నిలబడింది. తరువాత ఇటు తిరిగింది. చెయ్యి చాపి గౌను ఎత్తింది. తన అరచేతి కంటే కొంచెమే పెద్దగా ఉంది అది.

"ఇంత చిన్నగుంటరా?"

మామూలుగా చెప్పాలని చూశాను. "ఇది ఐదో నెలల, ఆరో నెలల పోయినోళ్ళకు. మన బిడ్డ దీనికంటే పెద్దది."

కెటిల్ టక్కున ఆగింది. తను నీళ్ళు పోసుకోలేదు.

"ఎంత పెద్దది?"

నేను సూదిని గుడ్డకు గుచ్చి పక్కన పెట్టాను. ఎడమ చెయ్యి మడిచి టేబుల్ మీద పెట్టాను. "తల ఇక్కడుంది" అని మోచేతి మడత చూపించాను. "మడమలు ఇదో, నా మణికట్టు దాటి ఇక్కడి దాకా."

తను నా చేతిని చూస్తూ నిలబడింది. ఖాళీ చెయ్యి అది. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఆ కొలతకు ఒకటి కుట్టు."

"ఎవరికి?"

"నాకు."

సంచిలోంచి పెళ్ళిగౌను గుడ్డ తీసి పరిచాను. తను అంచు పట్టుకుంది. నేను కత్తెర పెట్టబోతుంటే, "ఆగు. మెడ ఎంతుండె?" అంది.

"సన్నగ. కింద ఒక మడత ఉండె, పాలు తాగే పిల్లలకు ఉన్నట్టు."

"చేతులు?"

"పొడుగు. నీ లెక్కనే. వేళ్ళు కూడ పొడుగే. గోర్లు పెరిగినయి."

"గోర్లా?"

"ఆఁ. కత్తిరించాల్సినంత పెరిగినయి."

తను తన గోళ్ళు చూసుకుంది. కన్నీళ్ళు గుడ్డ మీద పడుతున్నాయి, తుడుచుకోవడం లేదు. నేను చెప్పుకుంటూ పోయాను. జుట్టు నల్లగా, మెడ మీద తడిసి రింగులు తిరిగి ఉందని. ఎడమ చెవి అంచు కొంచెం మడత పడి ఉందని, మీ నాయనకూ అట్లనే ఉండేదని. పెదవి కింది భాగం గుండ్రంగా ఉందని. తను ఒక్కోటీ విని తల ఊపేది. విన్నదాన్ని ఎక్కడో భద్రంగా పెట్టుకుని మళ్ళీ అడిగేది.

"ముక్కు నాదేనా?"

"లేదు. ముక్కు మాత్రం మీ అత్తదే."

"అయ్యో!" అంది. నవ్వు వచ్చేసింది తనకు. ఆ నవ్వు మధ్యలోనే విరిగి ఏడుపయింది. ఆసుపత్రిలో రాని ఏడుపు, పాతిపెట్టిన రోజు రాని ఏడుపు. టేబుల్ మీద, ఆ తెల్లగుడ్డ మీద తల పెట్టి ఏడ్చింది. నేను లేచి వెళ్ళి వీపు మీద చెయ్యి వేశాను. ఊరుకో అని అనలేదు. పక్క ఫ్లాట్‌లో టీవీ మోగుతూనే ఉంది.

చాలాసేపటికి తల ఎత్తకుండానే అడిగింది. "కళ్ళు?"

ఈ ప్రశ్న ఒకటి వస్తుందని నేను అనుకోలేదు.

"మూసుకునే ఉన్నయి బేటీ. తెరిచి చూడబుద్ధి కాలే."

"అయితే నీకూ తెల్వదు."

"నాకూ తెల్వదు."

తను లేచి కూర్చుంది. ముఖం మీద గుడ్డ అంచు అచ్చు పడి ఉంది. ఆ ఒక్కటీ చెప్పగలిగినవాళ్ళు ఈ భూమ్మీద ఎవరూ లేరు. అది మా ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. తను మణికట్టుతో ముఖం తుడుచుకుని, ఉండలోంచి దారం లాగి తెంపి, కొస నాలుకతో తడిపి, సూదిలోకి ఎక్కించి నాకు ఇచ్చింది.

"చేతుల దగ్గర మొదలుపెట్టు" అంది. "పొడుగ్గ పెట్టు."